ఒక చెట్టు ఇంకో చెట్టుకు ఎంత దగ్గర?



1965లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హోలీ అనే రసాయన శాస్త్రవేత్త తన బృందంతో కలిసి, ఈస్ట్ కణాల నుంచి తీసిన ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ అణువును మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివారు. మొత్తం 77 అక్షరాలు. ఒక న్యూక్లియిక్ ఆమ్లాన్ని అలా పూర్తిగా చదవడం ప్రపంచంలో అదే మొదటిసారి. మూడేళ్లకు, 1968లో, ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతిని పంచుకున్న మిగతా ఇద్దరిలో ఒకరు మన హరగోవింద్ ఖొరానా, ఇంకొకరు మార్షల్ నీరెన్‌బర్గ్.

అక్షరాలన్నీ తెలిశాక అసలు ప్రశ్న మొదలైంది. ఈ అణువు కణంలో తిన్నగా పడి ఉండదు, తన మీదకు తనే మడుచుకుంటుంది. ఆర్‌ఎన్‌ఏలో ప్రధానంగా నాలుగు అక్షరాలు: ఏ, యూ, జీ, సీ. ఏ ఎదురుగా యూ వస్తే రెండూ అతుక్కుంటాయి. జీ ఎదురుగా సీ వచ్చినా అంతే. హోలీ బృందంలోని ఎలిజబెత్ కెల్లర్, జాన్ పెన్స్‌విక్ ఈ 77 అక్షరాలను ఎలా మడిస్తే ఎక్కువ జతలు కుదురుతాయో చూసి, మూడు రెబ్బల క్లోవర్ ఆకు ఆకారాన్ని సూచించారు. ఇప్పటి జీవశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ట్రాన్స్‌ఫర్ ఆర్‌ఎన్‌ఏ బొమ్మ అదే. ఒక చివర ఏడు జతల కాడ, దాని తర్వాత మూడు రెబ్బలు, ప్రతి రెబ్బకూ ఒక చిన్న కాడ, ఆ చివర జత కుదరని అక్షరాల వలయం.

ఈ బొమ్మను కంప్యూటర్‌కు ఇవ్వాలంటే ఒక పద్ధతి ఉంది. అతుక్కున్న ప్రతి జతనూ ఒక నోడ్ అనుకోండి. ఆ జత లోపల ఉన్న జతలు దానికి పిల్లలు. జత కుదరని అక్షరాలు ఆకులు. అలా రాసుకుంటూ పోతే మొత్తం అణువు ఒక చెట్టు అవుతుంది. కాడ దగ్గర ఒకదాని కింద ఒకటిగా ఏడు నోడ్లు, ఆ తర్వాత మూడు కొమ్మలు.

ఇంత శ్రమ ఎందుకు, 77 అక్షరాల వరసను ఇంకో అణువు వరసతో పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదు. కాడలో ఒక చోట జీ, దాని ఎదురుగా సీ ఉన్నాయనుకోండి. మరో జీవిలో అదే చోట ఏ, యూ ఉన్నాయి. అక్షరాల వరసలో చూస్తే రెండు తేడాలు. కానీ జత జతగానే ఉంది, కాడ చెక్కుచెదరలేదు, అణువు పని ఆగలేదు. ఇంకో జీవిలో సీ అలాగే ఉండి జీ మాత్రం ఏ అయింది. వరసలో ఒకటే తేడా. అయితే ఏ, సీ అతుక్కోవు కాబట్టి అక్కడ జత విడిపోయింది. అంటే అక్షరాలు లెక్కపెట్టేవాడికి దగ్గరగా కనిపించేది నిజానికి దూరం, దూరంగా కనిపించేది దగ్గర. పోలిక అక్షరాల్లో లేదు, మడతలో ఉంది. అందుకే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో బ్రూస్ షపీరో 1988లో ఆర్‌ఎన్‌ఏ ఆకారాలను చెట్లుగా రాసి పోల్చే పద్ధతిని ప్రచురించారు. 1990లో కైజోంగ్ జాంగ్‌తో కలిసి దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. ఈ జాంగ్ పేరు ఈ ప్రసంగంలో మళ్లీ మళ్లీ వస్తుంది.

చెట్టు రూపంలో ఉన్న సమాచారం జీవశాస్త్రానికే పరిమితం కాదు. మీ కంప్యూటర్‌లో ఫోల్డర్లో ఫోల్డర్, అందులో ఫైళ్లు, అది చెట్టే. వెబ్ పేజీ లోపల చెట్టే. రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం కూడా చెట్టే. ప్రోగ్రామర్ రాసిన కోడ్‌ను కంపైలర్ ముందు చెట్టుగా మార్చుకున్నాకే మిగతా పని మొదలుపెడుతుంది. మనం మాట్లాడే వాక్యానికీ ఒక చెట్టు ఉంది, దాని దగ్గరకు తర్వాత వద్దాం. ఇన్ని చోట్ల చెట్లు ఉన్నప్పుడు, ఈ చెట్టులాంటిది ఇంకెక్కడైనా ఉందా, ఈ రెంటికీ ఎంత పోలిక అనే ప్రశ్న రాక తప్పదు. ఆ ప్రశ్న కంప్యూటర్‌ను అడిగే ముందు, దేన్ని తేడాగా లెక్కపెట్టాలో మనం చెప్పాలి. మనం చెప్పేదాన్ని బట్టి ఆ లెక్క క్షణంలో తేలిపోవచ్చు, లేదంటే ఎంత పెద్ద యంత్రానికైనా అందకుండా పోవచ్చు. ఈ రంగంలో నన్ను పట్టి నిలిపే సంగతి ఇదే.

తేడాను కొలిచే పద్ధతుల్లో ఎక్కువ మంది వాడేది సవరణల దూరం. దీని మూలం అక్షరాల వరసల్లో ఉంది. సోవియట్ గణిత శాస్త్రవేత్త వ్లదిమీర్ లెవెన్‌స్టైన్ 1965లో ఒక వరసను ఇంకో వరసగా మార్చడానికి కనీసం ఎన్ని సవరణలు కావాలి అని అడిగారు. ఒక అక్షరం తీసెయ్యడం, ఒకటి చేర్చడం, ఒకదాని బదులు ఇంకొకటి పెట్టడం, ఇవే సవరణలు. 1979లో కువో చుంగ్ తాయ్ ఇదే ప్రశ్నను చెట్లకు వేశారు. చెట్టులోనూ మూడే సవరణలు. ఒక నోడ్ మీది పేరు మార్చవచ్చు. ఒక నోడ్‌ను తీసెయ్యవచ్చు. అప్పుడు దాని పిల్లలు అనాథలు కారు, అదే చోట, అదే వరసలో దాని తల్లి కిందకు వెళ్తారు. మూడోది దీనికి తలకిందులు, ఒక కొత్త నోడ్‌ను మధ్యలో దూర్చి, కొందరు పిల్లలను దాని కిందకు తేవచ్చు. మొదటి చెట్టు రెండోదిగా మారడానికి కనీసం ఎన్ని సవరణలు పడతాయో అదే వాటి మధ్య దూరం.

చెప్పడానికి తేలిక. లెక్కకు మాత్రం తాయ్ పద్ధతిలో పని విపరీతంగా పెరుగుతుంది. చెట్టు లోతుగా ఉంటే, నోడ్ల సంఖ్యను ఆరు సార్లు గుణించినంత దాకా పోతుంది. 1,000 నోడ్ల చెట్లు రెండు తీసుకుందాం. సెకనుకు వంద కోట్ల అడుగులు వేసే యంత్రం ఉందనుకుందాం. ఆ యంత్రం ఈ లెక్క ముగించడానికి 30 ఏళ్లు దాటుతుంది. 1989లో కైజోంగ్ జాంగ్, న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన డెనిస్ షాషా కలిసి ఇచ్చిన పద్ధతిలో ఆరు గుణకారాలు, మరీ మొండి చెట్లకైనా, నాలుగుకు తగ్గాయి. 30 ఏళ్ల పని అదే యంత్రం మీద 17 నిమిషాలకు వచ్చింది. అదే ఏడాది కొత్త యంత్రాలు వచ్చి చేసిన ఉపకారం కాదు ఇది. కాగితం మీద జరిగిన ఆలోచన.

వాళ్లు చేసింది ఇది. చెట్టులోని నోడ్లకు పిల్లల తర్వాతే తల్లికి నంబరు వచ్చేలా, ఎడమ నుంచి కుడికి అంకెలు వేశారు. అతి చిన్న కొమ్మలను ముందు పోల్చి, జవాబులు ఒక పట్టికలో రాసి పెట్టారు. పెద్ద కొమ్మ వచ్చినప్పుడు దాని లోపలి చిన్న కొమ్మల దూరాలు మళ్లీ లెక్క వెయ్యకుండా పట్టికలోంచి తీసుకున్నారు. ఎక్కాలు వచ్చిన పిల్లవాడు పెద్ద గుణకారం చేసేటప్పుడు ఏడెనిమిదులు ఎంతో మళ్లీ కూడి చూసుకోడు కదా, అలాగే. అయితే ఏ కొమ్మలకు పట్టిక విడిగా కావాలి, ఏవి దారిలోనే దొరుకుతాయి అని కనిపెట్టడంలో వాళ్ల ప్రతిభ ఉంది. ఎడమవైపు అన్నయ్య ఉన్న నోడ్లకూ, అన్నిటికీ పైనున్న మూల నోడ్‌కూ మాత్రమే విడి పట్టిక చాలు. మిగతావాటి జవాబులు వాటి లోపలే తయారవుతాయి.

1998లో ఫిలిప్ క్లైన్, 2007లో ఎరిక్ డెమెయిన్, షే మోజెస్, బెంజమిన్ రోస్‌మన్, ఓరెన్ వైమన్ దీన్ని ఇంకా తగ్గించుకుంటూ వచ్చారు. డెమెయిన్ బృందం దగ్గరకు వచ్చేసరికి మూడు గుణకారాలు. మన 1,000 నోడ్ల చెట్లకు ఒక్క సెకను. అక్కడ చాలాకాలం ఆగింది. సవరణలన్నిటికీ ఒకే ఖర్చు ఉన్నప్పుడు మూడు కంటే కూడా తక్కువ చెయ్యవచ్చని 2021లో షియావో మావ్ చూపించారు. మూడు అన్న చోట దాదాపు 2.95 వచ్చింది. అంకె చిన్నదే, కానీ మూడు అనేది దాటరాని గోడ కాదని అప్పుడు తేలింది.

ఇక్కడ కొంచెం పక్కకు తిరిగి, మన తెలుగువారికి సంబంధం ఉన్న ఒక కథ చెప్పాలి. సవరణల దూరం కంటే సూటి ప్రశ్న ఒకటుంది. ఒక పెద్ద చెట్టు, ఒక చిన్న నమూనా చెట్టు ఉన్నాయి. నమూనాలో కొన్ని ఆకుల దగ్గర ఖాళీ ఉంటుంది, అక్కడ ఏ కొమ్మ వచ్చినా సరే. ఈ నమూనా పెద్ద చెట్టులో ఎక్కడెక్కడ అచ్చంగా కుదురుతుంది? కంపైలర్లకు ఇది రోజూ పడే పని. ఏ, బీల మొత్తాన్ని సీకి సున్న కలిపినదానితో గుణించమని ప్రోగ్రామర్ రాశాడనుకోండి. "ఏదైనా ప్లస్ సున్న" అనే నమూనా చెట్టులో ఎక్కడ దొరికినా అక్కడ ప్లస్ తీసేసి, ఆ "ఏదైనా" దాన్నే ఉంచవచ్చు. క్రిస్టొఫ్ హాఫ్‌మన్, మైకేల్ ఓడానెల్ 1982లో ఈ ప్రశ్న మీద రాసిన పరిశోధన పత్రం తర్వాతివాళ్లందరికీ మొదటి మెట్టు.

అందరికీ తోచే పద్ధతి, పెద్ద చెట్టులో ప్రతి నోడ్ దగ్గరా నమూనాను పెట్టి చూడటం. చెట్టులో 10 లక్షల నోడ్లు, నమూనాలో 10,000 నోడ్లు ఉంటే, 1,000 కోట్ల అడుగుల దాకా పడుతుంది. దీని కంటే మెరుగు చెయ్యగలమా అనే ప్రశ్నకు ఏళ్ల తరబడి జవాబు దొరకలేదు. 1989లో దొరికింది. ఇచ్చినవారు కొసరాజు సాంబశివరావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్, ఖరగ్‌పూర్ ఐఐటీలో మాస్టర్స్, పెన్సిల్వేనియాలో డాక్టరేట్ చేసి, జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనిషి. కంప్యూటర్ సైన్స్ చదివిన పిల్లలకు కొసరాజు అల్గారిథమ్ అనే పేరు తెలుసు. అది గ్రాఫ్‌లో ఒకదాని నుంచి ఒకటి చేరుకోగల గుంపులను విడదీసే పద్ధతి, 1978 నాటిది. చెట్ల మీద ఆయన చేసిన ఈ పని గురించి తరగతి గదుల్లో అంతగా చెప్పరు. చెప్పాలని నా కోరిక.

ఆయన ఆలోచనలో నాకు నచ్చిన భాగం ఒకటి చెబుతాను. ప్రతి నోడ్ నుంచి పైకి, మూల నోడ్ దాకా ఉన్న దారిని ఒక మాటగా చదివారు. అలా ఎన్ని నోడ్లుంటే అన్ని మాటలు. మొదలు ఒకేలా ఉన్న మాటలు ఆ భాగాన్ని పంచుకునేలా వాటన్నిటినీ ఇంకో చెట్టులో పేర్చారు. దాంతో చెట్టు ప్రశ్న అక్షర వరసల ప్రశ్నగా మారింది. వరసల మీద అప్పటికే ఉన్న గట్టి పనిముట్లు ఇక్కడ పనికొచ్చాయి. ఫలితంగా, చిన్నపాటి అదనపు గుణకాలు పక్కన పెడితే, మన ఉదాహరణలో 1,000 కోట్ల అడుగులు 100 కోట్లకు వచ్చాయి. మరుసటి ఏడాది మోషే డుబినర్, జ్వీ గలీల్, ఎడిత్ మాగెన్ వాటిని 10 కోట్లకు దించారు. 1997లో రిచర్డ్ కోల్, రమేశ్ హరిహరన్ మరో అడుగు వేసి, నమూనా పెద్దదైనా పని దాదాపు చెట్టు పరిమాణాన్ని బట్టే పెరిగే స్థాయికి తెచ్చారు. హరిహరన్ అప్పట్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఉండేవారు. తలుపు తెరిచింది మాత్రం కొసరాజు.

కంపైలర్ ఉదాహరణలో ఒక సంగతి గమనించారా? "ఏదైనా ప్లస్ సున్న" అనే నమూనాకు "సున్న ప్లస్ ఏదైనా" దొరకదు. ఎడమ కుడి తేడా ఉంది. తీసివేతలో ఈ తేడా ఉండి తీరాలి, ఐదులోంచి మూడు తీస్తే రెండు, మూడులోంచి ఐదు తీస్తే మైనస్ రెండు. కూడికలో ఆ తేడా లేకపోయినా నష్టం లేదు. అంటే పిల్లల వరసను పట్టించుకోవాలా వద్దా అన్నది చెట్టును బట్టి, అడిగే ప్రశ్నను బట్టి మనం తేల్చుకోవాల్సిన విషయం.

ఈ సంగతి ఇంగ్లీషు వాక్యాల మీద పనిచేసేవారికి అంతగా తగలదు. తెలుగువాళ్లకు వెంటనే తగులుతుంది. "రవి అమ్మకు కొత్త చీర కొన్నాడు" అనే వాక్యం చూడండి. దీని చెట్టుకు మూల నోడ్ "కొన్నాడు" అనే క్రియ. దాని పిల్లలు ముగ్గురు: కర్త "రవి", సంప్రదానం "అమ్మకు", కర్మ "చీర". చీరకు ఒక బిడ్డ, "కొత్త". ఇప్పుడు ఇదే సంగతిని "అమ్మకు కొత్త చీర రవి కొన్నాడు" అని కూడా అంటాం. "కొత్త చీర అమ్మకు రవి కొన్నాడు" అన్నా తప్పు లేదు. మాటలు చోటు మారాయి, చెట్టులో ఎవరు ఎవరి కింద ఉన్నారో అది మారలేదు. వరసను లెక్కపెట్టే సవరణల దూరం ఏం చెబుతుంది? మొదటి వాక్యంలోంచి రెండోదానికి రావాలంటే రవిని ఒకచోట తీసేసి ఇంకోచోట చేర్చాలి, దూరం రెండు అంటుంది. వరసను లెక్కపెట్టని కొలత దూరం సున్న అంటుంది. అలాగని తెలుగులో మాటలు ఎక్కడంటే అక్కడ పెట్టలేం. "కొత్త"ను చీర పక్కనుంచి లాగి అమ్మ ముందు పెడితే కొత్త అమ్మ అవుతుంది, చెట్టే మారిపోతుంది. స్వేచ్ఛ ఉన్నది అన్నదమ్ముల వరసలో, తల్లీబిడ్డల బంధంలో లేదు.

మరి ఏ కొలత సరైనది? ఎవరు ఎవరికి ఏం కొన్నారు అని వెతికేవాడికి సున్నే సరైన జవాబు. మాట నొక్కి చెప్పడానికి తెలుగువాళ్లు కర్తను క్రియ పక్కకు ఎప్పుడు తెస్తారు అని పరిశోధించేవాడికి ఆ సున్న పనికిరాదు, అతనికి రెండే కావాలి. ఇందులో ఒకదాన్ని సరైనదిగా, ఇంకోదాన్ని తప్పుగా ముద్ర వెయ్యడం నాకు ఇష్టం లేదు. ఎంచుకున్నది ఏదో పైకి చెప్పడం మాత్రం ముఖ్యం. చాలా పనిముట్లు చెప్పకుండానే ఒకటి ఎంచేస్తాయి.

పిల్లల వరసను పట్టించుకోకపోతే లెక్క తేలికవుతుందని అనిపిస్తుంది. ఒక షరతు తగ్గింది కదా. అచ్చంగా ఒకటేనా కాదా అని తేల్చడం వరకైతే అది నిజంగా తేలికే. ఆల్ఫ్రెడ్ ఏహో, జాన్ హాప్‌క్రాఫ్ట్, జెఫ్రీ ఉల్‌మన్ 1974 నాటి తమ పాఠ్యపుస్తకంలో దానికి చక్కని పద్ధతి ఇచ్చారు. ఆకుల నుంచి మొదలుపెట్టి ప్రతి నోడ్‌కూ ఒక సంకేతం ఇవ్వాలి. తల్లి సంకేతం అంటే పిల్లల సంకేతాలను చిన్నది ముందు పెద్దది వెనక పేర్చిన జాబితా. పేర్చడంతోనే వరస తేడా చెరిగిపోతుంది. చివరికి రెండు మూల నోడ్ల సంకేతాలు ఒకటైతే చెట్లు ఒకటే. నోడ్లు ఎన్నుంటే దాదాపు అంతే పని. కొమ్మలకు ఇలా సంకేతాలు ఇచ్చి సరిచూసే ఆలోచనే ఇంకో రూపంలో, పెద్ద ప్రోగ్రాముల్లో ఒకచోటి కోడ్‌ను ఇంకోచోట అతికించిన జాడలు పట్టడానికి పనికొచ్చింది. ఐరా బాక్స్‌టర్ బృందం 1998లో దీన్ని చూపించింది. పేర్లున్న ఆకులను పక్కన పెట్టి కొమ్మలను సరిచూస్తే, వేరియబుల్ పేరు మార్చి దాచుకున్న నకలు కూడా బయటపడుతుంది.

చిక్కంతా "అచ్చంగా"ను "దాదాపుగా" చేసినప్పుడు వస్తుంది. వరస పట్టించుకోని చెట్ల మధ్య సవరణల దూరం కనుక్కోవడం ఎన్‌పీ కంప్లీట్ సమస్య అని జాంగ్, షాషా, రిచర్డ్ స్టాట్‌మన్ 1992లో నిరూపించారు. ఒక్కో నోడ్‌కు ఇద్దరు పిల్లలకు మించకుండా, పేర్లు రెండే రకాలుగా ఉన్నా సరే, కష్టం తగ్గదు. ఏ చెట్లిచ్చినా వేగంగా, తప్పు లేకుండా జవాబు చెప్పే పద్ధతి ఇంతవరకు ఎవరికీ దొరకలేదు. దొరికితే, జవాబును వేగంగా సరిచూడగల ప్రతి సమస్యకూ జవాబును వేగంగా కనుక్కోగలమా అనే కంప్యూటర్ సైన్స్‌లోని అతి పెద్ద ప్రశ్న కూడా దాంతోపాటే తేలిపోతుంది.

ఎందుకింత కష్టం? పదిమంది పిల్లలను ఇంకో పదిమందితో జతపరిచే విధాలు 36 లక్షలు దాటుతాయి, అందుకేనేమో అనిపిస్తుంది. కాదు. జతపరచడం ఒక్కటే అయితే దానికి వేగమైన పద్ధతులు ఎప్పటినుంచో ఉన్నాయి. అసలు ఇబ్బంది నోడ్ తీసివేతలో ఉంది. ఒక నోడ్ పోతే దాని పిల్లలు పైకి వచ్చి వాళ్ల పిన్నుల, మామల మధ్య కలిసిపోతారు. వరస ఉన్నప్పుడు ఎవరు ఎక్కడివాళ్లో వరసే గుర్తు పెట్టుకుంటుంది, అందువల్ల పట్టికలో చిన్న జవాబులను ముక్కలుగా రాసుకోగలిగాం. వరస లేకపోతే వేర్వేరు కుటుంబాల పిల్లలు ఒకే గుంపులో పడతారు, అందులో ఏ ఉపసమూహం దేనికి జోడీ అవుతుందో ఒక్కొక్కటీ చూడాల్సి వస్తుంది. ఉపసమూహాలు పిల్లలు పెరిగేకొద్దీ రెట్టింపు రెట్టింపుగా పెరుగుతాయి. నాకు ఈ విషయం చదివిన ప్రతిసారీ ఆశ్చర్యమే: ఒక షరతు సడలిస్తే లెక్క బరువెక్కింది.

జాంగే 1996లో దీనికో మధ్యేమార్గం చూపారు. విడివిడి కొమ్మలు విడివిడి కొమ్మలకే జోడీ కావాలి, ఒక కొమ్మలోని నోడ్లను చెదరగొట్టి రెండు చోట్ల పెట్టకూడదు అని షరతు పెట్టారు. దాంతో కుటుంబాలు కలిసిపోవడం ఆగింది, మిగిలింది జతపరచడమే, అది మనకు చేతనవును. ఇక్కడ ఓడిపోయి సర్దుకున్నట్టు నాకు అనిపించదు. మన తెలుగు వాక్యానికి ఈ షరతు చక్కగా అతుకుతుంది. "కొత్త చీర" ఎక్కడికి కదిలినా కలిసే కదులుతుంది. దాన్ని రెండుగా విడదీసి పోల్చడం మనకే అక్కర్లేదు.

సవరణలను లెక్కపెట్టకుండా దాదాపు పోలికను కొలిచే దారి కూడా ఒకటుంది, దానికి వేరే ఊరు వెళ్లాలి. ఉత్తర ఇటలీలో బోల్జానో అనే ఊరుంది. అక్కడ ఇటాలియన్, జర్మన్ రెండూ అధికార భాషలు. ప్రతి వీధికీ రెండు పేర్లు. ఊరి నడిబొడ్డున కమానుల కింద దుకాణాలున్న వీధి ఇటాలియన్‌లో వియా దెయి పోర్తిచి, జర్మన్‌లో లౌబెన్‌గాస్సె. పురపాలక సంస్థలో ఒక్కో విభాగానికి ఒక్కో చిరునామా పట్టిక ఉంటే, ఒకదానిలోని వీధి ఇంకోదానిలో ఏ వీధో పేరును బట్టి తేల్చడం కష్టం. అక్కడి విశ్వవిద్యాలయంలో నికొలస్ ఆగ్‌స్టెన్, మైకేల్ బోలెన్, జొహాన్ గాంపర్ ఈ చిరునామాలను చెట్లుగా చూశారు. వీధి కింద ఇంటి నంబర్లు, ఇంటి కింద ప్రవేశ ద్వారాలు, వాటి కింద ఫ్లాట్లు. పేరు తెలియకపోయినా, ఏ నంబరు ఇంటికి ఎన్ని ద్వారాలు, ఏ ద్వారానికి ఏయే ఫ్లాట్లు అన్నదాన్ని బట్టి వీధిని గుర్తుపట్టవచ్చు. పట్టికల్లో కొన్ని ఇళ్లు తప్పిపోయి ఉంటాయి, కొన్ని కొత్తగా చేరి ఉంటాయి కాబట్టి అచ్చమైన పోలిక కుదరదు, దాదాపు పోలికే కావాలి. అదీ ఊళ్లోని ప్రతి వీధినీ ప్రతి వీధితో పోల్చాలి.

వాళ్లు 2005లో ఇచ్చిన పద్ధతి పేరు పీక్యూ గ్రామ్. చెట్టును ఒకే ఆకారం గల చిన్న ముక్కలుగా తీస్తారు. ఒక్కో ముక్కలో ఒక తల్లి, ఆమె బిడ్డ, ఆ బిడ్డకు పక్కపక్కన ఉన్న ముగ్గురు పిల్లలు ఉంటారనుకోండి. అంచుల్లో తక్కువపడ్డ చోట ఉత్తుత్తి నోడ్లు నింపుతారు. రెండు చెట్ల ముక్కలనూ రెండు సంచుల్లో వేసి, ఎన్ని ముక్కలు ఉమ్మడిగా ఉన్నాయో చూస్తారు. పట్టికలు, సవరణలు ఏమీ లేవు. ముక్కలను ఒక క్రమంలో పేర్చుకుంటే చాలు కాబట్టి లక్షల నోడ్లున్నా భయం లేదు. ఈ కొలతకు ఒక మంచి గుణం ఉంది. ఒక ఫ్లాట్ తప్పిపోతే కొద్ది ముక్కలే మారతాయి. ఎన్నో ఫ్లాట్లున్న ద్వారం నోడ్ ఒక్కటి తప్పిపోయి, ఆ ఫ్లాట్లు నేరుగా ఇంటి కిందకు వస్తే చాలా ముక్కలు మారతాయి. సవరణల దూరానికి రెండూ ఒకే ఒక్క సవరణ. చిరునామాల విషయంలో రెండోది పెద్ద తేడా అని మనకు తెలుసు, ఈ కొలతకూ తెలుసు. ఆర్‌ఎన్‌ఏకి ఇదే కొలత సరిపోతుందని నేను చెప్పను.

తెలుగు వాక్యాల చెట్లకు ఈ పద్ధతులన్నీ వాడుకోవచ్చు, చెట్లంటూ ఉంటే. ఇంగ్లీషులో పెన్ ట్రీబ్యాంక్ 1990లలోనే వార్తాపత్రికల వాక్యాలను, పది లక్షల మాటల దాకా, చేతితో సరిచూసిన చెట్లుగా ఇచ్చింది. తెలుగుకు హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో పాణిని కారకాల ఆధారంగా చెట్లు గీసే పని జరిగింది. 2009లో హైదరాబాద్‌లో హిందీ, బంగ్లా, తెలుగు వాక్య విశ్లేషణ మీద పోటీ కూడా పెట్టారు. 2017లో తారక రామ, సౌమ్య వజ్జల అంతర్జాతీయ యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో ఒక తెలుగు ట్రీబ్యాంక్ విడుదల చేశారు. అందులో ఉన్నవి దాదాపు 1,300 వాక్యాలు. వ్యాకరణ గ్రంథంలోని ఉదాహరణ వాక్యాలు కావడంతో చిన్నవి, శుభ్రమైనవి. మన కథల్లో, సంతల్లో, ఫోన్లలో దొర్లే పొడుగాటి వాక్యాలకు చెట్లు చాలా కావాలి. అల్గారిథమ్‌లు 40 ఏళ్లకు పైగా తయారవుతూ వచ్చాయి. మన వైపు నుంచి చెట్లు రావాల్సి ఉంది.

ఆ చెట్లు గీసేవాళ్లు అడుగడుగునా తీర్పు చెప్పాలి. "ఆయన మా మాస్టారు" అనే వాక్యంలో క్రియ లేదు. మూల నోడ్ ఏది? యూనివర్సల్ డిపెండెన్సీస్ పద్ధతిలో "మాస్టారు" మూల నోడ్, "ఆయన", "మా" రెండూ దాని పిల్లలు. కారకాల పద్ధతిలో లేని క్రియ కోసం ఒక ఖాళీ నోడ్ పైన పెడతారు. "ఆయన", "మాస్టారు" దాని పిల్లలు, "మా" మాస్టారుకు బిడ్డ. మూడే మాటల వాక్యం, రెండు చెట్లు. ఒకదాన్ని రెండోదిగా మార్చాలంటే ఖాళీ నోడ్ మీద "మాస్టారు" అని పేరు రాసి, కింది "మాస్టారు"ను తీసెయ్యాలి, అప్పుడు "మా" పైకి వస్తుంది. సవరణలు రెండు. క్రియ లేని వాక్యాలు తెలుగులో అడుగడుగునా ఉంటాయి కాబట్టి, రెండు ట్రీబ్యాంకులనూ కలిపి వెతికే ప్రతి పోలికలోనూ ఈ రెండు సవరణలు వచ్చి చేరతాయి. వెతకడం మొదలుపెట్టే ముందు ఆ ఖాళీ నోడ్ ఉంచాలా తీసెయ్యాలా అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి.